కొబ్బరి దొడ్లో గడ్డి మెషిన్ జాగ్రత్తగా నడపడం ఎలా?

కోనసీమలో వానలు మొదలయ్యాయంటే దొడ్లో గడ్డి ఎంత తొందరగా లేస్తుందో మనకి ఒకరు చెప్పక్కర్లేదు. కూలీలు దొరకడం కష్టమై నేనూ వెనక నుంచి నెట్టే పెట్రోల్ లాన్ మోవర్ కొన్నాను. మంచి మెషినే, కానీ దాని బ్లేడు సంగతి తెలిసి నడపాలి. 21 అంగుళాల బ్లేడు నిమిషానికి 3000 సార్లు తిరిగితే దాని కొస గంటకు 300 కిలోమీటర్ల వేగంతో పోతున్నట్టు లెక్క.

అందుకే మెషిన్ బయటికి తీయకముందే దొడ్డంతా ఒకసారి నడిచి రండి. మట్టలు, డొక్కలు, చిప్ప ముక్కలు, ఇటుక పెచ్చులు అన్నీ ఏరేయండి. తీగ ముక్కలు మరీ ముఖ్యం. బట్టలు ఆరేసే దండెం తెగితే దాని జానెడు తీగ గరికలో ఉండిపోయింది, నేను చూసుకోలేదు, అది బ్లేడుకి తగిలి ఎగిరొచ్చి పిక్కలో దిగింది. ఆ రోజు లుంగీ, హవాయి చెప్పులతో ఉన్నాను, మూడు కుట్లు పడ్డాయి. అప్పట్నుంచి ప్యాంటు, బూట్లు, కళ్ళద్దాలు లేకుండా మెషిన్ ముట్టుకోను. బోదె పక్కన గడ్డి ఎత్తుగా ఉంటే ముందు పొడుగాటి కర్రతో తట్టండి, పాములుంటాయి. పిల్లల్ని మాత్రం ఇంట్లోకి పంపేయండి, దూరంగా నిలబడి చూస్తామన్నా ఒప్పుకోవద్దు.

ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే, ఆరుబయట పెట్రోలు పోయాలి. ఇంజన్ ఆయిల్ చూసుకోండి. చదునైన చోట పెట్టి, హ్యాండిల్ దగ్గరి లివర్ నొక్కిపట్టి, తాడు బిగుసుకునేదాకా మెల్లగా లాగి అక్కడి నుంచి ఒక్క ఊపున లాగితే స్టార్టవుతుంది. చెయ్యి నొప్పెడుతోందని ఆ లివర్‌ని తాడుతో కట్టేసేవాళ్ళున్నారు, దయచేసి ఆ పని చేయకండి. కాలు జారి మీరు పడితే బ్లేడు ఆగేది చెయ్యి వదిలినందుకే.

పొద్దున్నే మంచు మీద కోయకండి, ఎండ తగిలి గడ్డి ఆరనివ్వండి. మన ఒండ్రు మట్టి తడిస్తే కాలు జారుతుంది, చక్రం దిగబడుతుంది, గడ్డి ముద్దలు కట్టి అడుగున అతుక్కుంటుంది. కరెంటు మెషిన్ అయితే తడిలో అసలు వద్దు, ప్లగ్గు పెట్టే లైనుకి షాక్ కొట్టకుండా ఆపే బ్రేకర్ ఉండాలి, వైరు ఎప్పుడూ కోసేసిన వైపే ఉండాలి. మోకాలెత్తు గడ్డిని ముందు కొడవలితో తగ్గించి, మెషిన్‌ని పై ఎత్తులో పెట్టి ఒకసారి, నాలుగైదు రోజులాగి ఇంకొంచెం దించి మరోసారి కోయండి. ఒక్కసారికి మూడో వంతు కంటే ఎక్కువ తీస్తే గరిక ఎండిపోయి ఆ ఖాళీలో తుంగ లేస్తుంది. మెషిన్‌ని ముందుకే నెట్టండి, మీ వైపు లాక్కుంటే కింద మీ పాదాలుంటాయి. వాలు ఉంటే అడ్డంగా నడవాలి. కాలవ గట్టులాంటి నిటారు చోట కొడవలే మేలు.

ఇక గడ్డి ఇరుక్కున్నప్పుడు. చాలామంది వేళ్ళు పోగొట్టుకునేది ఇక్కడే కాబట్టి ఇదొక్కటి మర్చిపోవద్దు. లివర్ వదిలి, బ్లేడు పూర్తిగా ఆగాక, స్పార్క్ ప్లగ్ మీది వైరు టోపీ పీకి పక్కకి పెట్టండి. ఆపేశాం కదా అని బ్లేడుని చేత్తో తిప్పితే ఇంజన్ ఒక్కోసారి అందుకుంటుంది. తర్వాత ఎయిర్ ఫిల్టర్ పైకుండేలా మెషిన్‌ని వాల్చి, కర్రతో గోకండి. టోపీ పీకినా సరే, చెయ్యి పెట్టొద్దు.

కోసిన గడ్డిని కుప్పగా వదిలేయకుండా, మొదలుకి ఆనకుండా కొబ్బరి పాదుల్లో పలచగా పరిస్తే తేమ నిలుస్తుంది. గడ్డి కొసలు పీచులా చీలి తెల్లబడితే బ్లేడు మొద్దుబారినట్టు. సాన పట్టించాక నడిమి బెజ్జంతో గోడ మేకుకి తగిలించి చూడండి, ఏ వైపు కిందికి వాలితే ఆ వైపు ఇంకాస్త అరగదీయాలి, లేకపోతే ఇంజన్ అదిరిపోతుంది. సంక్రాంతి తర్వాత గడ్డి ఎదగడం తగ్గి మెషిన్ మూలన పడుతుంది. ఇప్పటి ఇథనాల్ కలిపిన పెట్రోలు మన గాలిలోని తేమని పీల్చుకుని కార్బురేటర్‌ని పాడు చేస్తుంది కాబట్టి, ట్యాంకు ఖాళీ చేసి, మిగిలింది అయిపోయి ఇంజన్ దానంతట అదే ఆగేదాకా నడిపి, అప్పుడు గోనె సంచి కప్పండి.