మట్టి బ్యాక్టీరియాతో కొత్త మందులు – 4వ పాఠం: జన్యువుల వరసలో మందును చదవడం

2021లో బ్లాక్ ఫంగస్ వచ్చినప్పుడు ఆంఫోటెరిసిన్ ఇంజెక్షన్ కోసం మన దగ్గర జనం ఎంత తిరిగారో గుర్తుండే ఉంటుంది. ప్రాణం నిలిపే మందే, కానీ కిడ్నీలను దెబ్బతీస్తుంది. దాన్ని తయారుచేసేది స్ట్రెప్టోమైసిస్ నోడోసస్ అనే మట్టి బ్యాక్టీరియా. ఆ మందును మెరుగుపరచాలంటే ముందు దాని జన్యువులను చదవడం రావాలి. ఈ పాఠానికి పెన్ను, కాగితం చాలు.

ఆ జన్యువులు తయారుచేసే పాలీకీటైడ్ సింథేజ్ అనే పెద్ద ఎంజైమ్, మందు అణువును ముక్క ముక్కగా అతికిస్తుంది. అందులో ఒక్కో మాడ్యూల్ (ఒక్కో అతుకు వేసే భాగం) కార్బన్ గొలుసుకు రెండు కార్బన్ల పొడవు చేరుస్తుందని కిందటి పాఠంలో చూశాం. అతికిన చోట ఒక కీటో (కార్బన్‌కు ద్విబంధంతో ఉన్న ఆక్సిజన్) మిగులుతుంది. దాన్ని మార్చే చిన్న భాగాలు, అంటే డొమైన్లు, కేఆర్, డీహెచ్, ఈఆర్. మాడ్యూల్‌లో కేఆర్ ఉంటే కీటో హైడ్రాక్సిల్ అవుతుంది. డీహెచ్ కూడా ఉంటే కార్బన్ల మధ్య ద్విబంధం. ఈఆర్ కూడా తోడైతే ఏకబంధం. చాలామంది తడబడేది ఒక్కచోటే: ఈ కీటో ఉండేది మాడ్యూల్ కొత్తగా తెచ్చిన ముక్క మీద కాదు, అంతకుముందే ఉన్న గొలుసు చివరి కార్బన్ మీద. బొమ్మ గీసేటప్పుడు అక్కడ బాణం గుర్తు పెట్టుకోండి.

ఇప్పుడు ఫంగస్ మీద వాడే ఇంకో మందు నిస్టాటిన్ చూద్దాం. ఎలిజబెత్ హేజెన్, రేచెల్ బ్రౌన్ 1950లో ప్రకటించిన మందు ఇది. దాని ఐదో మాడ్యూల్‌లో కేఆర్, డీహెచ్, ఈఆర్ మూడూ ఉన్నాయి. అందుకే ద్విబంధాల వరస మధ్యలో తెగి, ఒకవైపు రెండు, ఇంకోవైపు నాలుగు మిగిలాయి. నార్వే పరిశోధకులు ఆ ఒక్క ఈఆర్‌ను పనిచేయకుండా చేశారు. తెగిన చోట కూడా ద్విబంధం ఏర్పడి మొత్తం ఏడూ వరసగా కలిశాయి, ఫంగస్ మీద మందు బలం పెరిగింది. కొత్తగా ఏమీ చేర్చకుండా ఒక్క పనిని ఆపి సాధించారు కాబట్టే, ఈ రంగంలో నాకు అన్నిటికన్నా నచ్చిన ఉదాహరణ ఇది.

అయితే డొమైన్ కనిపించినంత మాత్రాన అది ప్రతిసారీ పనిచేస్తుందని అనుకోకూడదు. నోడోసస్ ఐదో మాడ్యూల్‌లోనూ ఈఆర్ ఉంది, కానీ ఒకసారి పనిచేస్తుంది, ఒకసారి చేయదు. చేసినప్పుడు ఆంఫోటెరిసిన్ ఏ, చేయనప్పుడు బీ వస్తాయి. ఆసుపత్రిలో వాడేది బీ.

యాంటీస్మాష్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌కు జీనోమ్ ఇస్తే డొమైన్ల వరసను బొమ్మగా చూపిస్తుంది. కానీ చేత్తో నాలుగైదు గీశాకే దాని దగ్గరకు వెళ్లండి.

అభ్యాసం: ఒక మాడ్యూల్‌లో కేఆర్, డీహెచ్ ఉన్నాయి, ఈఆర్ లేదు. దాని ఏటీ (ఏ ముక్కను చేర్చాలో ఎంచుకునే డొమైన్) మిథైల్‌మలొనైల్‌ను, అంటే మిథైల్ కొమ్మ ఉన్న ముక్కను, ఎంచుకుంటుంది. ద్విబంధం ఎక్కడ, మిథైల్ ఎక్కడ? గీసి ఉంచండి, వచ్చే పాఠంలో నోడోసస్‌లోని ఆంఫ్‌ఎన్ అనే జన్యువును తీసేటప్పుడు ఇలాంటి మిథైల్‌తోనే పని.