గోదావరి లంకల్లో కెమెరాతో తిరిగేవాళ్లకి, వానలు ముదిరేలోపు

కోనసీమలో ఎక్కడానికి కొండల్లేవు. నడకంతా కాలువ గట్లు, పొలం గట్లు, ఏటి రేవుల మీదే. అటు కోరంగి వెళ్తే మడ అడవులు. అందుకే ఇక్కడ కెమెరాని పాడుచేసేవి నీళ్లు, బురద, ఉప్పుగాలి.

బయల్దేరేముందు ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర గోదావరి నీటిమట్టం చూసుకోండి. అక్కడ 11.75 అడుగులకి మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. మొదటిది వచ్చిందంటే లంకల్లోకి, అంటే ఏటి మధ్య దిబ్బల మీదికి, వెళ్లే ఆలోచన మానుకోవడమే. వెళ్లేటప్పుడు దాటిన కాజ్‌వే తిరిగొచ్చేసరికి మునిగిపోవచ్చు. కోరంగి వైపైతే పోటు ఎప్పుడో, పాటు ఎప్పుడో పడవవాళ్లని అడిగి మరీ దిగండి.

బ్యాగుతోపాటు ఇచ్చే రెయిన్ కవర్ మీద నాకు పెద్దగా నమ్మకం లేదు. వీపు వైపు అది తెరిచే ఉంటుంది. వీపు మీంచి కారిన నీళ్లు కవరు అడుగున చేరి బ్యాగుని కిందినుంచి నానబెడతాయి. అంతకన్నా కెమెరా, లెన్సులు, బ్యాటరీలు విడివిడిగా మందపాటి పాలిథిన్ కవర్లలో కట్టి లోపల పెట్టుకోవడం మేలు. రొయ్య పిల్లల్ని ప్యాక్ చేసే కవర్లు దీనికి బాగుంటాయి. కొత్తవే తీసుకోండి, వాడినవాటిలో ఉప్పు మిగులుతుంది.

పడవో, పంటో ఎక్కగానే నడుం బెల్టు, ఛాతీ మీది క్లిప్పు తీసెయ్యండి. లైఫ్ జాకెట్ మీద బ్యాగు తగిలించుకోవద్దు, ఒళ్లో పెట్టుకోండి. నీళ్లలో పడితే బ్యాగు వదిలెయ్యాల్సిందే. ఎంత ఖరీదైన లెన్సయినా సరే.

వాన పడిన నల్లమట్టి గట్టు మీద కెమెరా మెడలో వేసుకుని నడవకండి. వంగినప్పుడల్లా ఊగి మనిషిని ముందుకి లాగుతుంది. బ్యాగులో పెట్టి, చేతిలో వెదురు కర్ర పట్టుకోండి. ట్రైపాడ్‌ని ఊతకర్రగా వాడితే కాళ్ల లాకులు ఇసుక పట్టి బిగుసుకుపోతాయి. ఉరిమితే ఫొటోలు ఆపి పక్కా ఇంట్లోకి వెళ్లిపోండి. పొలం మధ్య ఒంటరి తాడిచెట్టు కింద నిలబడటమంత ప్రమాదం ఇంకోటి లేదు. మామూలు రోజుల్లో కూడా కొబ్బరిచెట్టు కింద బ్యాగు దించకండి. కాయే కాదు, ఎండుమట్ట పడినా లెన్సు ముక్కలే.

ఏసీ గదిలోంచి తెల్లవారుజామున నేరుగా బయటికి తెస్తే లెన్సు మీద తేమ పేరుకుంటుంది. బ్యాగు జిప్పు తియ్యకుండా అరగంట బయట ఉంచి, అప్పుడు తెరవండి. అంతర్వేది లాంటి సముద్రపు ఒడ్డున లెన్సు మార్చే పని పెట్టుకోవద్దు. తిరిగొచ్చాక మంచినీళ్లలో తడిపి గట్టిగా పిండిన మెత్తటి గుడ్డతో కెమెరా బయటి భాగం తుడిచి, ట్రైపాడ్ కాళ్లు కడిగి ఆరబెట్టండి.

ఉప్పునీళ్లలో పడ్డ కెమెరాని 'పనిచేస్తుందా' అని ఆన్ చేసి చూడొద్దు. బ్యాటరీ, కార్డు తీసేసి అదే రోజు మెకానిక్‌కి ఇవ్వండి. బియ్యం డబ్బాలో పెడితే ఉప్పు పోదు, పైగా తవుడు లోపలికి చేరుతుంది.