మూతపడ్డ సినిమా హాలును గోడౌనుగానో కల్యాణ మంటపంగానో మార్చాలంటే

చెన్నైకి ఉత్తరాన రెడ్‌హిల్స్, పొన్నేరి, గుమ్మిడిపూండి వైపు మూతపడ్డ సినిమా హాలు ఒకటి లీజుకు దొరుకుతోందంటే మనవాళ్లు ముందు ఎలివేషన్ చూస్తారు, తర్వాత పార్కింగ్ చూస్తారు, ఆపైన అద్దె బేరమాడతారు. అన్నిటికంటే ముందు చూడాల్సింది నేల. లోపలి వాలు ఎంత, తెర దగ్గరి నేల బయటి రోడ్డుకంటే ఎంత కిందుంది అన్న రెండు అంకెలు చేతికొస్తే, ఆ బిల్డింగు దేనికి పనికొస్తుందో, అసలు పనికొస్తుందో లేదో సగం తేలిపోతుంది.

కొలవడానికి ఇంజనీరు అక్కర్లేదు, మేస్త్రి దగ్గరుండే ట్యూబ్ లెవల్, అంటే నీళ్లు నింపి మట్టం చూసే గొట్టం చాలు. గొట్టం హాలు పొడవుకంటే పది అడుగులు ఎక్కువుండాలి, నీళ్లలో బుడగలు ఉండకూడదు. గోడ పొడవునా ఒకే మట్టంలో సుద్దగీత వేసుకుని, ఆ గీత నుంచి నేలకు ప్రతి పది అడుగులకూ ఒక కొలత రాసుకోండి. రెండు చివర్లే కొలిస్తే లెక్క తప్పుతుంది. చాలా హాళ్లలో వాలు ఒకేలా ఉండదు, ముందు నేల క్లాసు దగ్గర పడుకున్నట్టుండి వెనక్కి పోయేకొద్దీ లేస్తుంది. పక్క తలుపుల గడపలు, బయటి రోడ్డు మట్టం కూడా అదే గీత నుంచి కొలవాలి. ముప్పై నలభై ఏళ్లలో రోడ్డు మీద రోడ్డు వేసి వేసి ఎత్తు పెరిగిపోయింది కాబట్టి, కట్టినప్పుడు రోడ్డుకు పైనున్న హాలు ఇప్పుడు గుంటలో ఉండొచ్చు. ఈశాన్య రుతుపవనాల వానల్లో ఆ గుంట నిండుతుంది. గోడల అడుగున నీటి మరక ఎంత ఎత్తున ఉందో చూస్తే ఓనరు చెప్పని సంగతి అది చెబుతుంది.

ఇప్పుడు మట్టి లెక్క. హాలు 100 అడుగుల పొడవు, 60 అడుగుల వెడల్పు, వెనకకూ ముందుకూ తేడా 5 అడుగులు, వాలు దాదాపు ఒకేలా ఉందనుకోండి. వెనక మట్టానికి మొత్తం పూడ్చాలంటే 100 × 60 × 5లో సగం, అంటే 15,000 ఘనపుటడుగులు. 100 ఘనపుటడుగులు ఒక యూనిట్ కాబట్టి 150 యూనిట్లు. కుదిస్తే మట్టి అణుగుతుంది, నాలుగో వంతు అదనంగా కలుపుకుంటే 190 యూనిట్ల దాకా పోతుంది. ఆరు యూనిట్ల టిప్పర్లయితే 32 లోడ్లు. టిప్పరు హాల్లోకి పోదు, జేసీబీ కూడా పోదు. బయట కుప్ప పోయించి బాబ్‌క్యాట్ లాంటి చిన్న బండితో పక్క తలుపుల్లోంచి తోలించాలి. ఆ బండి అద్దె మరిచిపోయి ఎస్టిమేట్ వేసే కాంట్రాక్టర్లు ఉన్నారు, జాగ్రత్త.

ఖర్చు తగ్గించే దారి ఒకటుంది. వెనక సగం తవ్వి ముందు సగంలో పోస్తే తవ్వాల్సింది 37.5 యూనిట్లే, కొని తెచ్చే మట్టి దాదాపు ఉండదు. అయితే రెండు షరతులు. వెనక రెండున్నర అడుగులు తవ్వితే బాల్కనీ స్తంభాల పునాదులు బయటపడకూడదు. అందుకే ముందుగా ఒక స్తంభం పక్కన చిన్న గుంత తీసి పునాది ఎంత లోతున ఉందో చూసుకోవాలి. రెండోది, అలా వచ్చిన కొత్త మట్టం రోడ్డుకు కనీసం అడుగున్నర పైన నిలవాలి. నిలవకపోతే ఆ ఆదా ఏమీ మిగలదు, మొదటి తుపానుకే నీళ్లలో పోతుంది.

పూడ్చడంలో జరిగే పెద్ద తప్పు మట్టిని నేరుగా పాత గోడకు ఆనించడం. హాలు గోడ తన బరువు, కప్పు బరువు మోయడానికి కట్టింది, పక్క నుంచి వచ్చే తోపుడు తట్టుకోవడానికి కాదు. తెర వైపు ఐదడుగుల మట్టి పోసి నీళ్లు పెట్టి దిమ్మిస్తే తొమ్మిదంగుళాల ఇటుక గోడ బయటికి ఒరుగుతుంది, మూలల్లో నిలువు పగుళ్లు వస్తాయి. పైగా పోసిన మట్టి ఎత్తు, చెమ్మ ఎక్కకుండా గోడ అడుగున వేసిన డ్యాంప్ కోర్సు పొరను దాటిపోతుంది, చెమ్మ ఎక్కి పెయింటు పొరలు పొరలుగా రాలుతుంది. లోపల వేరుగా మట్టి తోపుడు ఆపే రిటైనింగ్ గోడ ఒకటి కట్టించి, దానికీ పాత గోడకూ మధ్య రెండంగుళాలు ఖాళీ వదలాలి. ఆ గోడ డిజైను మాత్రం స్ట్రక్చరల్ ఇంజనీరు చేతే గీయించండి.

పోసే మట్టి గ్రావెల్ (మొరం) అయి ఉండాలి. చెరువు మట్టి చవగ్గా వస్తుంది కానీ తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే పగులుతుంది. పగలగొట్టిన శిథిలాలు, చెక్క ముక్కలు కలిపి పోస్తే ఏడాదిలో ఫ్లోరు కుంగుతుంది, చెదలు మిగతా పని చూసుకుంటాయి. ఆరు నుంచి ఎనిమిది అంగుళాల పొరగా పోసి, తడిపి, ప్లేట్ కంపాక్టర్ తిప్పి, తర్వాతే పై పొర. చివరి పొర మీద చెదల మందు: క్లోర్‌పైరిఫాస్ 20 శాతం ఈసీ (నీళ్లలో కలిపే ద్రావకం) ఒక లీటరుకు 19 లీటర్ల నీళ్లు, చదరపు మీటరుకు 5 లీటర్లు. దానిపైన 4 అంగుళాల పీసీసీ, అంటే ఇనుము లేని కాంక్రీటు. గోడౌనుకైతే ఇంకో 6 అంగుళాల కాంక్రీటు పోసి, ఎక్కువైన నీటిని మిషనుతో లాగేసే ట్రిమిక్స్ చేయించి, నాలుగు మీటర్లకో జాయింటు కోయించాలి.

కప్పు

రేకుల కింద ఫాల్స్ సీలింగ్ ఉంటుంది కాబట్టి అసలు జబ్బు కనపడదు. నాలుగు పలకలు విప్పించి, ట్రస్సు (రేకుల్ని మోసే ఇనుప చట్రం) గోడ మీద కూర్చునే చోటికి మనిషిని ఎక్కించండి. పావురాల రెట్టలు, గబ్బిలాల రెట్టలు, రేకు చివర కారే వాన అన్నీ అక్కడే చేరతాయి. సుత్తితో కొడితే ఖంగుమనాలి. పొరలు రాలినా, బేస్ ప్లేటు బోల్టు అరిగిపోయి సన్నబడినా ఆ ట్రస్సుకు కొత్త కాలు వెల్డింగ్ చేయించాల్సిందే. రెట్టలు పొడిగా ఊడ్చొద్దు, తడిపి, మాస్కు పెట్టుకుని తీయాలి.

పాత రేకులు ఎక్కువగా ఆస్‌బెస్టాస్ సిమెంటువి. వాటిని గ్రైండరుతో కోయకూడదు, పైనుంచి విసిరేయకూడదు. ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లో ఉండిపోతుంది. తడిపి, బోల్టులు ఊడదీసి, రేకు రేకుగా దించి, పాలిథిన్‌లో చుట్టాలి. ప్రమాదకర వ్యర్థాల కేంద్రం గుమ్మిడిపూండిలోనే ఉంది. ఊరి బయట గుంతలో పారేయడం నేరం.

కొత్తగా వేసే కలర్ కోటెడ్ రేకు పాతదాని బరువులో సగం కూడా ఉండదు. అందరూ దీన్ని లాభమే అనుకుంటారు. కానీ పాత ట్రస్సుల్ని ఇన్నాళ్లూ కిందికి నొక్కి పట్టిందే ఆ బరువు. చెన్నైలో కట్టే బిల్డింగులకు ఇండియన్ స్టాండర్డ్ కోడ్ చెప్పే గాలి వేగం సెకనుకు 50 మీటర్లు. 2016 డిసెంబరులో వర్దా తుపాను వచ్చినప్పుడు రేకులు ఎలా లేచిపోయాయో ఇక్కడి వాళ్లకు చెప్పక్కర్లేదు. తేలిక కప్పు వేస్తే ట్రస్సును గోడలోని కాంక్రీటు బెల్టుకు కొత్త యాంకర్ బోల్టులతో కట్టాలి.

బాల్కనీ, చప్పుడు

బాల్కనీలో బియ్యం బస్తాలు పేర్చడం గోడౌను వాళ్లు చేసే మొదటి పని. బిగించిన కుర్చీలున్న హాలుకు ఇండియన్ స్టాండర్డ్ చెప్పే బరువు చదరపు మీటరుకు 4 కిలోన్యూటన్లు, అంటే సుమారు 400 కిలోలు. సరుకు నిల్వకు కనీసం 7.5 కావాలి. ఖాళీ అట్టపెట్టెలు పెట్టుకోండి, బస్తాలు వద్దు.

మంటపానికి వచ్చే బాధ వేరు. కుర్చీలు, తెర, గోడల మీది గోనె పట్టాలు తీసేశాక హాలు మార్మోగుతుంది. నాదస్వరం మొదలైతే పురోహితుడి మైకు ఒక్క ముక్క అర్థం కాదు. 30 × 18 × 9 మీటర్ల హాల్లో నున్నటి గోడలే మిగిలితే ఒక చప్పుడు పూర్తిగా అణగడానికి పది సెకన్ల దాకా పడుతుంది, రెండు సెకన్లకు దించాలి. పైకప్పు మొత్తం 0.7 శోషణ ఉన్న, అంటే తగిలిన చప్పుడులో 70 శాతం పీల్చుకునే మినరల్ ఊల్ పలకలు వేస్తే దాదాపు అక్కడికి వస్తుంది. జిప్సం బోర్డు చూడ్డానికి బాగుంటుంది, చప్పుడు మాత్రం పీల్చుకోదు. వంటశాల హాలుకు ఆనుకోకుండా వేరే షెడ్డులో ఉండాలి, తలుపులు ఇప్పటిలాగే బయటికే తెరుచుకోవాలి. వీటిని ఫైర్ వాళ్లు తప్పకుండా చూస్తారు.

కాగితాలు, తుక్కు

సినిమాలు ఆడించడానికి కలెక్టరు ఇచ్చిన ఫారం సి లైసెన్సు సరెండర్ అయిందో లేదో అడగండి. సూళ్లూరుపేట, నాయుడుపేట వైపు హాలయితే అది ఆంధ్ర చట్టం కింద ఫారం బి. వాడకం మార్పుకు చెన్నై పరిధిలో సీఎండీఏ (చెన్నై మెట్రోపాలిటన్ డెవలప్‌మెంట్ అథారిటీ) గానీ, బయట డీటీసీపీ (టౌన్ ప్లానింగ్ శాఖ) గానీ ప్లానింగ్ పర్మిషన్ ఇవ్వాలి. హాళ్లు చాలావరకు భాగస్వామ్యం మీద కట్టినవి, ఒకరి సంతకంతో లీజు తీసుకుంటే మిగతా వాటాదారుల పిల్లలు కోర్టుకెక్కుతారు. ఈసీ (ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్)తో పాటు పార్ట్‌నర్‌షిప్ డీడ్ కూడా చదివించండి.

పాత హాలు నిలబడటం అరుదే. రఘుపతి వెంకయ్యగారు మౌంట్ రోడ్డులో (ఇప్పటి అన్నాసాలై) కట్టించిన గెయిటీ ఇప్పుడు లేదు, శివాజీ గణేశన్ గారి శాంతి కూడా లేదు. 1913లో మొదలైన ఎలక్ట్రిక్ థియేటరు మాత్రం రెండేళ్లకే తపాలా శాఖ చేతికి వెళ్లి, తపాలా బిళ్లలమ్మే ఫిలాటెలిక్ బ్యూరోగా అన్నాసాలై పోస్టాఫీసు ఆవరణలో నేటికీ ఉంది.

తుక్కు అమ్మేటప్పుడు ప్రొజెక్టరు క్యాబిన్‌ను గంపగుత్తగా ఇచ్చేయకండి. డిజిటల్ సర్వరు, ప్రొజెక్టరు తరచు వాటిని పెట్టిన డిజిటల్ సినిమా కంపెనీవే అయి ఉంటాయి, అగ్రిమెంటు చూసి రాతపూర్వకంగా అప్పగించాలి. ప్రొజెక్టరులోని జెనాన్ ల్యాంపులో చల్లగా ఉన్నప్పుడు కూడా గ్యాసు ఒత్తిడితో నిండి ఉంటుంది, చేయి జారితే బాంబులా పేలుతుంది. ముఖానికి షీల్డు, చేతులకు తోలు గ్లవ్సు వేసుకుని, దాని ప్లాస్టిక్ తొడుగులో పెట్టాకే కదిలించాలి. పాత ఆపరేటరు ఊళ్లో ఉంటే ఈ ఒక్క పనికి ఆయన్నే పిలవండి.