లైబ్రరీల వెర్షన్లు మార్చే ముందు కాన్ఫిగ్ హెడర్లతో జాగ్రత్త

ఒకదాని మీద ఒకటి ఆధారపడ్డ లైబ్రరీలన్నిటికీ ఒకేసారి వెర్షన్ మార్చబోతున్నారా? కోడ్ సంగతి తర్వాత. ముందు కాన్ఫిగ్.హెచ్ ఫైళ్లు (సిస్టమ్‌లో ఏమేం ఉన్నాయో, ఏ సెట్టింగులతో బిల్డ్ చేయాలో మాక్రోలుగా, అంటే పేరు-విలువ లైన్లుగా రాసుండే సీ హెడర్లు) ఎక్కడెక్కడ ఉన్నాయో వెతకండి. బిల్డ్ టూల్‌గా ఆటోకాన్ఫ్ వాడితే కాన్ఫిగర్ స్క్రిప్టు, సీమేక్ వాడితే కాన్ఫిగర్_ఫైల్ కమాండు వీటిని తయారుచేస్తాయి. చిక్కేమిటంటే, ప్రతి లైబ్రరీలోనూ దాదాపు అదే పేరు. కంపైలర్ తనకిచ్చిన ఫోల్డర్లలో వరసగా వెతికి, మొదట దొరికినదాన్నే తీసుకుంటుంది. అది పక్క లైబ్రరీది అయినా దానికి పట్టదు.

ఎర్రర్ వస్తే అదృష్టమే. రాకపోతేనే టెన్షన్. 32 బిట్ లినక్స్ సంగతే చూడండి. _ఫైల్_ఆఫ్‌సెట్_బిట్స్ విలువ 64 అని ఒక హెడర్‌లో ఉంటే ఆఫ్_టీ (ఫైల్లో స్థానాన్ని చెప్పే టైపు) సైజు 8 బైట్లు, లేకపోతే మామూలుగా 4. పబ్లిక్ స్ట్రక్చర్‌లో ఆ టైపు ఫీల్డు ఉంటే, దాని తర్వాతి ఫీల్డులు లైబ్రరీకి ఒకచోట, దాన్ని వాడే ప్రోగ్రాముకి ఇంకోచోట కనిపిస్తాయి. కంపైల్ అవుతుంది, లింక్ అవుతుంది, నడిచేటప్పుడు డేటా పాడవుతుంది. మన 64 బిట్ మెషీన్లో ఎంత టెస్ట్ చేసినా ఇది బయటపడదు.

అందుకే కాన్ఫిగ్.హెచ్‌ని ఇన్‌స్టాల్ చేయకండి, పబ్లిక్ హెడర్లలో ఇంక్లూడ్ చేయకండి. బయటివాళ్లకి తెలియాల్సిన సెట్టింగులు రెండో మూడో ఉంటే వాటికి విడిగా చిన్న హెడర్ పెట్టి, ప్రతి మాక్రో ముందూ లైబ్రరీ పేరు తగిలించండి. సొంత సోర్స్ ఫైళ్లలో మాత్రం సిస్టమ్ హెడర్లకన్నా ముందు కాన్ఫిగ్.హెచ్ రావాలి. అనుమానం వస్తే జీసీసీ కంపైలర్‌కి -హెచ్ (పెద్ద అక్షరం) ఆప్షన్ ఇవ్వండి, ఏ హెడర్ ఏ దారిలో వచ్చిందో చూపిస్తుంది. సోర్స్ ఫోల్డర్‌లో పాత బిల్డ్ తాలూకు హెడర్ మిగిలిపోయిందేమో కూడా చూడండి. గిట్ క్లీన్ కమాండుతో తుడిచేయొచ్చు కానీ, ముందు ఉత్తుత్తిగా నడిపి ఏం పోతాయో చూసుకోవడం మేలు.

కంపైలర్ కూడా మారుతుంటే పాత కాన్ఫిగ్.హెచ్ కాపీ తప్పకుండా దాచుకోండి. 2024లో వచ్చిన జీసీసీ 14 నుంచి, సీ కోడ్‌లో డిక్లేర్ చేయని ఫంక్షన్‌ని పిలిస్తే వార్నింగ్ కాదు, ఎర్రరే. పాత కాన్ఫిగర్ స్క్రిప్టుల్లో ఇలా అజాగ్రత్తగా రాసిన టెస్టులు (ఫలానా ఫంక్షన్ ఉందా అని కంపైల్ చేసి చూసే చిన్న ప్రోగ్రాములు) ఫెయిలవుతాయి. ఫంక్షన్ సిస్టమ్‌లో ఉన్నా లేదనుకుని, కాన్ఫిగ్.హెచ్‌లో దాని మాక్రో లైన్‌ని స్క్రిప్టు కామెంట్‌గా మార్చేస్తుంది. బిల్డ్ ఆగదు, ఫీచర్ మాత్రం చప్పుడు లేకుండా మాయమవుతుంది. పాత కాన్ఫిగ్.హెచ్‌నీ కొత్తదాన్నీ డిఫ్ చేస్తే (పోల్చి చూస్తే) ఆ లైను వెంటనే దొరుకుతుంది. టెస్టు ఎందుకు ఫెయిలైందో కాన్ఫిగర్ స్క్రిప్టు రాసే కాన్ఫిగ్.లాగ్ ఫైల్లో ఉంటుంది.