హోం థియేటర్ పాఠాలు – 4: రిసీవర్ కొనే ముందు వాట్ల లెక్క

కిందటి పాఠంలో మూడు అంకెలు రాసి పెట్టుకోమన్నాను: స్పీకర్ సెన్సిటివిటీ, ఇంపీడెన్స్ (కరెంటుకి స్పీకర్ ఇచ్చే అడ్డంకి, ఓమ్‌లలో చెబుతారు), సోఫాకీ ముందు స్పీకర్లకీ మధ్య దూరం. చాలామంది రాసి పంపారు, సంతోషం. కానీ సగానికి పైగా కాగితాల్లో ఒకటే పొరపాటు. సెన్సిటివిటీ ఉండాల్సిన చోట స్పీకర్ వెనక స్టిక్కర్ మీద ఉన్న "గరిష్ఠం 150 వాట్లు" అన్న అంకె వచ్చి కూర్చుంది. కాకినాడ నుంచి ఒకాయన ఆ అంకెను పట్టుకుని షాపుకి వెళ్లి, 150 వాట్ల రిసీవర్ (స్పీకర్లన్నిటికీ ధ్వనినీ పవర్‌నీ పంచే పెట్టె) చూపించమని అడిగి, అడ్వాన్స్ కూడా ఇచ్చి వచ్చారు. అది చదివాక నాకు మనసు మనసులో లేదు. సెన్సిటివిటీ ఎక్కడ రాసి ఉంటుందో చెప్పాను గానీ, పక్కనే ఉండే వాట్లను ఎందుకు పట్టించుకోకూడదో చెప్పలేదు. ఆ లోటు నాది.

కాబట్టి ఈ పాఠంలో రిసీవర్ ఎంపిక మొత్తం చెబుదామనుకున్నా, ఎక్కువ భాగం వాట్లకే పోతుంది. పోనివ్వండి. ఇది అర్థమైతే షాపులో మిమ్మల్ని ఎవరూ తప్పుదారి పట్టించలేరు.

ముందు స్టిక్కర్ సంగతి. "గరిష్ఠం 150 వాట్లు" అంటే ఆ స్పీకర్ తట్టుకోగలిగిన హద్దు. దానికి కావాల్సిన మేత కాదు. లిఫ్టులో "8 మంది" అని రాసి ఉంటే ఎనిమిది మంది పోగయ్యేదాకా ఆగం కదా, ఇద్దరం ఉన్నా ఎక్కి వెళ్తాం. ఇదీ అంతే.

మరి స్పీకర్‌కి నిజంగా ఎంత కావాలి? దానికే సెన్సిటివిటీ అడిగాను. 87 డెసిబెల్ అని ఉంటే, ఒక్క వాటు ఇచ్చినప్పుడు మీటరు దూరంలో 87 డెసిబెల్ శబ్దం వస్తుందని అర్థం. ఒక్క వాటుకే. పక్కనున్న మనిషితో మామూలుగా మాట్లాడే మాట సుమారు 60 డెసిబెల్ ఉంటుంది. 87 ఎంత పెద్దదో ఊహించుకోండి.

ఇక్కడ రెండు సూత్రాలు గుర్తుంచుకోండి, ఇంతకన్నా గణితం అక్కర్లేదు. వాట్లు రెట్టింపైతే 3 డెసిబెల్ పెరుగుతుంది. వాట్లు పదింతలైతే 10 డెసిబెల్ పెరుగుతుంది, అప్పుడు మన చెవికి శబ్దం సుమారు రెట్టింపైనట్టు అనిపిస్తుంది. మళ్లీ చదవండి: శబ్దం రెట్టింపు కావాలంటే వాట్లు రెండింతలు కాదు, పదింతలు కావాలి.

ఇప్పుడు ఒక మామూలు హాలు తీసుకుందాం. స్పీకర్ 87 డెసిబెల్, 8 ఓమ్‌లు. సోఫా 3 మీటర్ల దూరం. ఆరుబయట అయితే మీటరు నుంచి 3 మీటర్లకి వెళ్లేసరికి 9.5 డెసిబెల్ తగ్గుతుంది. గదిలో గోడలు కొంత తిరిగిస్తాయి కాబట్టి నేను 7 తగ్గిస్తాను. అంటే ఒక వాటుకి సోఫాలో 80 డెసిబెల్. పది వాట్లకి 90. వంద వాట్లకి 100.

సినిమా మిక్సింగ్ స్టూడియోలో ప్రమాణం ఏమిటంటే, ఒక్కో చానెల్‌లో (అంటే ఒక్కో స్పీకర్‌కి విడిగా వెళ్లే శబ్దంలో) అతి పెద్ద క్షణాలు 105 డెసిబెల్ దాకా వెళ్లొచ్చు. ఆ స్థాయిలో ఇంట్లో వినే కుటుంబాన్ని నేనింతవరకూ చూడలేదు. పై ఫ్లాట్ వాళ్లు వస్తారు, పిల్లలు లేస్తారు. చాలామంది దానికి 15 డెసిబెల్ తక్కువలో వింటారు. అంటే అతి పెద్ద పేలుడు కూడా 90 దగ్గరే ఆగుతుంది. దానికి మన లెక్కలో ఎన్ని వాట్లు? పది. కాస్త గట్టిగా వినే ఇల్లనుకుని 95 తీసుకున్నా, 32 వాట్లు.

కాకినాడ ఆయన ఇంటి లెక్క కూడా దాదాపు ఇదే. 150 వాట్ల కోసం ఆయన అడ్వాన్స్ ఇచ్చారు.

ఇంకో కోణం చూడండి. ఒక రిసీవర్ 80 వాట్లు, పైమోడల్ 100 వాట్లు. తేడా 20 వాట్లు అనిపిస్తుంది. డెసిబెల్‌లో అది ఒక్కటంటే ఒక్కటి. కళ్లు మూసుకుని వింటే పోల్చుకోవడం కష్టం. అదే 84 డెసిబెల్ స్పీకర్‌కి బదులు 90 డెసిబెల్ స్పీకర్ ఎంచుకుంటే తేడా 6 డెసిబెల్. అది వాట్లను నాలుగింతలు చేసినట్టు. అందుకే ఈ పాఠాల వరుసలో స్పీకర్ ముందు, రిసీవర్ తర్వాత పెట్టాను.

వరంగల్ నుంచి ఒకమ్మాయి మంచి ప్రశ్న వేసింది: "నా స్పీకర్ 4 ఓమ్‌లు, సెన్సిటివిటీ 89. లెక్క అలాగే వేయనా?" అలాగే వేయకూడదమ్మా. ఈ కొలతలు ఎక్కువగా 2.83 వోల్టుల దగ్గర తీస్తారు. 8 ఓమ్‌ల స్పీకర్‌కి అది సరిగ్గా ఒక వాటు. 4 ఓమ్‌లకి రెండు వాట్లు. కాబట్టి నీ 89 లోంచి 3 తీసేసి 86 అనుకో. పైగా 4 ఓమ్‌ల స్పీకర్ రిసీవర్ నుంచి కరెంటు ఎక్కువ లాగుతుంది. కొనబోయే రిసీవర్ మాన్యువల్‌లో 4 ఓమ్‌లకి అనుమతి ఉందో లేదో చూసుకో.

ఇప్పుడు అసలు ఉచ్చు. ఏళ్ల తరబడి నన్ను బాధపెడుతున్నది ఇదే, కాబట్టి కొంచెం ఓపిక పట్టండి. రిసీవర్ డబ్బా మీద రాసే వాట్లు ఒక అంకె కాదు, ఒక వాక్యం. ఆ వాక్యంలో అయిదు ముక్కలుంటాయి: ఎన్ని వాట్లు, ఎన్ని ఓమ్‌ల దగ్గర, ఏ ఫ్రీక్వెన్సీల మధ్య, ఎంత డిస్టార్షన్‌తో (ధ్వని ఎంత చెడిపోతుండగా), ఒకేసారి ఎన్ని చానెళ్లు పనిచేస్తుండగా. అయిదింటిలో ఏది దాచినా మొదటి అంకెకి విలువ లేదు.

డెనాన్ ఏవీఆర్-ఎక్స్2800హెచ్ తీసుకోండి. ఒక చోట 150 వాట్లు అని కనిపిస్తుంది. ఇంకో చోట 95 వాట్లు అని కనిపిస్తుంది. రెండూ అబద్ధం కాదు. 150 అన్నది 6 ఓమ్‌ల దగ్గర, 1 కిలోహెర్ట్జ్ అనే ఒకే ఒక్క స్వరంతో, ఎక్కువ డిస్టార్షన్‌ని ఒప్పుకుని, ఒక్క చానెల్ మాత్రమే నడుస్తుండగా. 95 అన్నది 8 ఓమ్‌ల దగ్గర, 20 హెర్ట్జ్ నుంచి 20 కిలోహెర్ట్జ్ వరకు, 0.08 శాతం డిస్టార్షన్‌తో, రెండు చానెళ్లు నడుస్తుండగా. డిస్టార్షన్ మితిమీరితే ఎలా ఉంటుందో తెలియాలంటే పెళ్లి పందిట్లో గొంతు చీలిపోయిన మైకుని గుర్తు చేసుకోండి. అలా వినడానికి మనం ఇంత డబ్బు పెట్టడం లేదు. కాబట్టి నాకు ఆ రిసీవర్ 95 వాట్లది, అంతే. అది మంచి రిసీవర్, మన హాలుకి కావాల్సినదానికన్నా ఎక్కువే ఇస్తుంది. నా అభ్యంతరం రిసీవర్ మీద కాదు, మోడళ్లు పోల్చేటప్పుడు ఒకదాని 150 ని ఇంకోదాని 100 పక్కన పెట్టడం మీద.

ఈ గొడవ కొత్తది కాదు. ఆంప్లిఫయర్ వాట్లను ఎలా కొలిచి చెప్పాలో అమెరికాలో 1974లోనే ప్రభుత్వ నియమం వచ్చింది. మనకేమో తొంభైల్లో టేప్ రికార్డర్ల మీద పీఎంపీఓ అంటూ వేల వాట్లు రాసి అమ్మారు. దానికి కొలత పద్ధతే లేదు. నా మొదటి ఆంప్లిఫయర్ ఆ అంకె చూసే కొన్నాను, నాన్నగారి బోనస్ డబ్బుతో. పాట పెంచితే తబలా పగిలిన కుండలా మోగేది. ఆ బాధ ఇంకా ఉంది, అందుకే ఇంత పట్టుగా చెబుతున్నాను.

"రెండు చానెళ్లు నడుస్తుండగా 95 అయితే, అయిదూ నడిస్తే?" అని అడుగుతారు. తగ్గుతుంది. అన్నిటికీ లోపలున్నది ఒకటే పవర్ సప్లై. కానీ సినిమాలో అయిదు చానెళ్లూ ఒకే క్షణంలో శిఖరానికి వెళ్లడం అరుదు. పైగా కరెంటుని ఎక్కువగా తినేది బాస్. క్రాసోవర్ (బాస్‌ని విడదీసే హద్దు) 80 హెర్ట్జ్ దగ్గర పెట్టి, కింది బాస్ అంతా సబ్‌వూఫర్‌కి అప్పగిస్తే, దానికి సొంత ఆంప్లిఫయర్ ఉంటుంది కాబట్టి రిసీవర్ భారం సగం దిగినట్టే. ముందు స్పీకర్లు ఎంత పెద్దవైనా సరే, మెనూలో "స్మాల్" అనే పెట్టండి. పెద్ద స్పీకర్లున్నవాళ్లు దీన్ని అవమానంగా తీసుకుంటారు. అది సైజు కాదు, బాస్ ఎటు వెళ్లాలో చెప్పే స్విచ్చి మాత్రమే.

వాట్లు అయిపోయాయి. మిగతావి త్వరగా చెబుతాను.

చానెళ్లు. ఇప్పుడు 5.1 (అయిదు స్పీకర్లు, ఒక సబ్‌వూఫర్) ఉన్నా ఏడు చానెళ్ల రిసీవరే కొనమంటాను. రేపు అట్మాస్ (పైనుంచి కూడా ధ్వని వినిపించే పద్ధతి) కోసం పైనుంచి రెండు స్పీకర్లు కలిపితే 5.1.2 అవుతుంది, దానికి ఏడు ఆంప్లిఫయర్లు కావాలి. 5.1.4 కావాలంటే తొమ్మిది. మన ఇళ్లలో ఆర్‌సీసీ స్లాబ్‌కి రంధ్రం పెట్టలేం. ఫాల్స్ సీలింగ్ లేకపోతే, పైకప్పు వైపు ధ్వనిని కొట్టి కిందికి తిప్పే స్పీకర్లు వాడొచ్చు. వాటికి చదునైన గట్టి కప్పు కావాలి, ఎత్తు ఏడున్నర నుంచి పన్నెండు అడుగుల మధ్య ఉంటే మంచిది. స్లాబ్ ఇందుకు చక్కగా సరిపోతుంది. పెంకుటింట్లో మాత్రం ఇది కుదరదు, స్పీకర్లను గోడ మీద ఎత్తులో బిగించాల్సిందే.

హెచ్‌డీఎంఐ. ఏ తీగ ఎక్కడ పెట్టాలో మీకు తెలుసు. టీవీలోని యాప్‌ల శబ్దం రిసీవర్‌కి రావాలంటే రెండింటిలోనూ ఈ-ఆర్క్ (టీవీ శబ్దాన్ని హెచ్‌డీఎంఐ తీగ మీదే వెనక్కి రిసీవర్‌కి పంపే ఏర్పాటు, ఆర్క్‌కి మెరుగైన రూపం) ఉన్న పోర్టునే వాడండి. మామూలు ఆర్క్ మీద ఓటీటీల అట్మాస్ వస్తుంది గానీ, బ్లూరేల్లో ఉండే నష్టం లేని ట్రూహెచ్‌డీ శబ్దం రాదు. డిస్కు ప్లేయర్‌ని నేనెప్పుడూ నేరుగా రిసీవర్‌కే కలుపుతాను. కొన్ని టీవీలు డిస్కుల్లో ఉండే డీటీఎస్ రకం శబ్దాన్ని దాటనివ్వవు.

రూమ్ కరెక్షన్. రెండు రిసీవర్లు సమానంగా కనిపిస్తే నేను దీన్ని చూసే తేలుస్తాను. మైకు పెట్టి గదిని కొలిచి, బాస్‌ని సరిచేసే పని ఇది. ఆడిసీ అనే రూమ్ కరెక్షన్‌లో ఎక్స్‌టీ32 అనే స్థాయి, లేదా డిరాక్ లైవ్ అనే ఇంకో రూమ్ కరెక్షన్ ఉన్న మోడల్ అందుబాటులో ఉంటే, 20 వాట్లు తక్కువైనా నేను దానివైపే వెళ్తాను. మన హాళ్లలో గచ్చు, గాజు, గోడలు, అన్నీ గట్టివే. బాస్ ఒక మూల ఉరుముతుంది, ఇంకో మూల మాయమవుతుంది. వాట్లు దాన్ని బాగుచేయలేవు.

అమెరికా నుంచి తెప్పించుకునేవాళ్లకి ఒక మాట. అక్కడి మోడల్ వెనక "120 వోల్టులు, 60 హెర్ట్జ్" అని ఉంటుంది. మనది 230, 50. మా పెదనాన్నగారి అబ్బాయి డల్లాస్ నుంచి ప్రేమగా మోసుకొచ్చాడు. నేను ఊళ్లో లేని రోజున ఇంట్లోవాళ్లు పిన్‌కి అడాప్టర్ తగిలించి గోడకి పెట్టేశారు. అడాప్టర్ పిన్ ఆకారం మారుస్తుంది గానీ వోల్టులు మార్చదు. టప్పుమని శబ్దం, కాలిన వాసన. మూడు నెలలు పట్టింది బాగుకావడానికి. అందుకే నా అభిప్రాయం సూటిగా చెబుతున్నాను: తెప్పించుకోకండి. ఇప్పటికే ఇంట్లో ఉంటే మంచి స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కొని, దాని సామర్థ్యం రిసీవర్ వెనక రాసిన వినియోగానికి రెట్టింపు ఉండేలా చూడండి. రేడియో వినే అలవాటుంటే ఇంకోటి కూడా గమనించండి. అక్కడి ట్యూనర్లు చాలావరకు 102.7, 102.9 అంటూ బేసి అంకెల మీదే ఆగుతాయి. హైదరాబాద్ వివిధ భారతి 102.8 లో వస్తుంది.

కాకినాడ ఆయనకి విడిగా రాశాను. అడ్వాన్స్ తిరిగి అడగనక్కర్లేదు, అదే షాపులో రూమ్ కరెక్షన్ మెరుగ్గా ఉన్న మోడల్‌కి మార్చమని అడగండి చాలు.

ఈసారి అభ్యాసం బరువైనదే, కానీ దాటవేయకండి. మీ బడ్జెట్‌లో మూడు మోడళ్లు ఎంచుకుని, వాటి మాన్యువళ్లు డౌన్‌లోడ్ చేసుకోండి. ప్రకటనలు చూడొద్దు. మాన్యువల్ చివరి పేజీల్లో వాట్ల వాక్యం ఉంటుంది. అయిదు ముక్కలనూ అయిదు గళ్లలో రాయండి. ఏదైనా గడి ఖాళీగా మిగిలితే ఆ మోడల్‌ని కొట్టేయండి. తర్వాత మీ స్పీకర్ సెన్సిటివిటీ నుంచి, మీ సోఫా దూరానికి, 95 డెసిబెల్ కోసం ఎన్ని వాట్లు కావాలో లెక్క కట్టండి. సోఫా దూరం రెండు మీటర్లే అయితే 7 బదులు 4 తగ్గించండి. నాలుగు మీటర్లయితే 9. చివరగా, హాలు పైకప్పు పటం గీసి, ఎత్తు అడుగుల్లో రాసి, సీలింగ్ ఫ్యాన్ ఎక్కడుందో గుర్తు పెట్టండి. ధ్వని పైకి వెళ్లే దారికి ఆ రెక్కలు అడ్డొస్తాయా లేదా అన్నదానితోనే అయిదో పాఠం మొదలుపెడతాను.