గని దిగువ వాగులో లోహాల పరీక్షకు నమూనా తీయడం

గుంటూరు వైపు నుంచి వినుకొండ దగ్గరి అగ్నిగుండాల కొండలకు వెళ్లేవారికి నల్లకొండ రాగి, బండలమొట్టు సీసం కొత్త మాటలు కావు. గనులున్న ఇలాంటి చోట, దిగువ వాగునీరు చూడటానికి తేటగా ఉన్నంత మాత్రాన అందులో లోహం లేదని ఎవరూ ధైర్యంగా చెప్పకూడదు.

తవ్విపోసిన రాళ్లలోని గంధకపు ఖనిజాలకు గాలి, నీరు తగిలితే ఆమ్లం పుడుతుంది, ఆ ఆమ్లం లోహాలను కరిగించుకొని వాగులోకి దిగుతుంది. సున్నపురాయి, డోలమైటు ఉన్న నేలలో ఆ ఆమ్లం విరిగిపోయి పీహెచ్ (నీటిలోని ఆమ్ల గుణపు కొలత; 7 అంటే ఆమ్లమూ క్షారమూ కాని స్థితి) 7 దగ్గర నిలుస్తుంది, అయినా జింకు, కాడ్మియం నీటిలో మిగిలిపోవచ్చు. అందువల్ల పీహెచ్ కాగితాన్ని మాత్రమే నమ్మి తేల్చేయవద్దు.

వేసవిలో ఒకసారి, తొలకరి వాన పడిన వెంటనే మరోసారి నమూనాలు తీయాలి, ఎందుకంటే ఎండాకాలమంతా తవ్విపోసిన రాళ్ల గుట్టలపై పేరుకున్న ఉప్పులు మొదటి వానకే కొట్టుకొస్తాయి. గనికి ఎగువన, దిగువన, చిత్తడి నేలలోకి నీరు చేరేచోట, బయటికి వచ్చేచోట తీయండి. దిగువ నుంచి మొదలుపెట్టి ఎగువకు నడవండి, లేకపోతే మీ కాళ్లు రేపిన బురదే సీసాలోకి వస్తుంది.

సీసాలు పాలిథిలీన్‌వి, పదిశాతం నత్రికామ్లంతో కడిగి డిస్టిల్డ్ నీటితో తొలిచినవి కావాలి. అసలు పొరపాటు జరిగేది ఆ తర్వాతి మెట్టులోనే. కరిగిన లోహం తెలియాలంటే ముందు నీటిని 0.45 మైక్రాన్ ఫిల్టరులో వడకట్టి, ఆ తరువాతే నత్రికామ్లం కలిపి పీహెచ్‌ను 2 కంటే తగ్గించాలి. ముందే ఆమ్లం పోస్తే మట్టి రేణువుల్లోని లోహం కూడా కరిగి లెక్క పెరుగుతుంది. మొత్తం లోహం తెలియడానికి వడకట్టని సీసా వేరుగా ఉంచండి. ఆమ్లం చర్మాన్ని కాలుస్తుంది గనుక చేతొడుగులు, రక్షణ కళ్లద్దాలు లేకుండా ముట్టుకోవద్దు. డిస్టిల్డ్ నీటి సీసా ఒకటి వెంట తీసుకెళ్లి, వాగు దగ్గర అదే పద్ధతిలో వడకట్టి ఆమ్లం కలిపితే, మన చేతుల నుంచి చేరిన మలినం బయటపడుతుంది.

నీటితో పాటు బురద కూడా తప్పక తీయండి, నా దృష్టిలో సగం నిజం అక్కడే ఉంటుంది. జమ్ము పెరిగిన మడుగు అడుగున నల్లటి బురదను ప్లాస్టిక్ గరిటెతో పైన అయిదు సెంటీమీటర్ల మేర ఎత్తితే కుళ్లిన కోడిగుడ్డు వాసన కొడుతుంది. గాలి ఆడని ఆ చోట లోహాలు గంధకంతో కలిసి సల్ఫైడ్లుగా బంధించబడి ఉంటాయి. మడుగు ఎండినా, పూడిక తీసినా గాలి తగిలి అవి మళ్లీ నీటిలోకి విడుదలవుతాయి, కాబట్టి పూడిక పని మొదలుపెట్టకముందే ఈ పరీక్ష జరగాలి.

తాగునీటికి భారత ప్రమాణం ప్రకారం లీటరుకు సీసం 0.01, కాడ్మియం 0.003 మిల్లీగ్రాములు మించకూడదు. మించితే మరిగించి తాగమని ఎవరికీ చెప్పవద్దు, మరిగిస్తే నీరు ఆవిరై లోహం ఇంకా చిక్కబడుతుంది. ఆ నీటిని తాగడానికి, వంటకు వాడటం ఆపించి, స్థలం, తేదీ, వాన వివరాలు రాసిన ఫలితాలను విజయవాడలోని కాలుష్య నియంత్రణ మండలికి అర్జీతో జతచేయండి.