చెరువు మట్టిలో పుప్పొడి: తేడా ఎక్కడ వస్తోంది?

మంచుయుగం తర్వాత అడవులు ఎలా మారాయో పుప్పొడి లెక్కతో చెప్పే పద్ధతిని 1916లో స్వీడన్ శాస్త్రవేత్త లెన్నార్ట్ ఫాన్ పోస్ట్ పీట్ నేలల (సగం కుళ్లిన మొక్కలు పేరుకున్న బురద నేలల) మీద చూపించాడు. ఆ నేలలు ఏడాది పొడవునా తడిగా ఉంటాయి, లోపలికి గాలి ఆడదు. మన నల్లగొండ, పాలమూరు చెరువులేమో ఎండాకాలం వచ్చేసరికి నెర్రెలు బారతాయి. ప్రాజెక్టుకి చెరువు మట్టి తెచ్చుకునే ఎమ్మెస్సీ విద్యార్థుల టెన్షన్‌లో సగం ఇక్కడే పుడుతుంది.

సమస్య: స్లైడంతా నల్లటి నలుసులే, పుప్పొడి కనబడదు.

లోపం మట్టిదా, ల్యాబ్‌దా అన్నది ముందు తేల్చుకోవాలి. మట్టి తూచగానే, లైకోపోడియం అనే మొక్క బీజాలు లెక్కగా ఉన్న బిళ్ల వేయండి. చివరికి స్లైడ్ మీద ఆ బీజాలు కూడా లేకపోతే, వడకట్టేటప్పుడో సెంట్రిఫ్యూజ్ నీళ్లు వంపేటప్పుడో సరుకంతా పోయినట్టే. బీజాలు నిండుగా ఉండి పుప్పొడి లేకపోతే మట్టే ఖాళీ. ఎండి గాలి తగిలిన పొరలో రేణువు గోడకు పురుగు కొట్టినట్టు గుంటలు పడి, క్రమంగా నాశనమైపోతుంది. క్షారగుణం ఉన్న రేగడిలో ఇది ఇంకా ఎక్కువ. పుప్పొడిని వేరుచేసే రసాయనాలు మార్చి లాభం లేదు. కట్ట లోపలి వైపు, నీళ్లు ఆఖరుదాకా నిలిచే చోట మళ్లీ కోర్ (గొట్టం దించి తీసే నిలువు మట్టి కడ్డీ) తీయండి.

సమస్య: పాత పొరలో వయ్యారిభామ పుప్పొడి.

ఈ మొక్క మన దేశంలో వ్యాపించింది 1950ల నుంచే. పైమట్టి నెర్రెల్లోంచి జారి ఉంటుంది, లేదా కిటికీలోంచి ల్యాబ్‌లోకి వచ్చి ఉంటుంది. మట్టి వేయకుండా వట్టి రసాయనాలతో ఒక స్లైడ్ చేసి చూడండి. అందులోనూ కనబడితే తప్పు ల్యాబ్‌దే. లేకపోతే కోర్ పైచెక్కు గీకేసి నడిమి మట్టి వాడండి, పగులు గీత ఉన్న ముక్కను వదిలేయండి. అయితే ముళ్ల రేణువు కనబడగానే వయ్యారిభామ అనేయకూడదు. ఆ కుటుంబంలో మన పాత కలుపు మొక్కలూ ఉన్నాయి.

సమస్య: పై పొరకే వందల ఏళ్ల వయసు వస్తోంది.

పూడిక తీసి ఉంటారు. చెరువుల పూడిక తీసే మిషన్ కాకతీయ పథకం 2015లో మొదలైంది. ఎక్కడ ఎంత లోతు తవ్వారో ఆయకట్టు రైతులను అడగండి. వరదకు పాత మట్టి కొట్టుకొచ్చినా ఇలాగే వస్తుంది కాబట్టి, డేటింగ్‌కి (వయసు కట్టే పరీక్షకి) బురద కాకుండా గింజలు, ఆకు ముక్కలు పంపడం మేలు.

సమస్య: మంచుయుగం జాడే లేదు.

ఉండదు. మంచు వెనక్కి తగ్గాక ఉత్తర ఐరోపాలో బిర్చ్, పైన్, ఆ తర్వాత హేజెల్, ఎల్మ్, ఓక్ వచ్చాయి. దక్కన్‌ను మంచు కప్పలేదు, ఇక్కడ మారినవి వానలు. పైగా మంచుయుగం ముగిసి 11,700 ఏళ్లయింది. కందూరు చోళుల నాటి పానగల్లు ఉదయసముద్రం చెరువుకి వెయ్యేళ్లు కూడా నిండలేదు. అంత వెనక్కి పోవాలంటే నీలగిరి పీట్ కావాలి, దాని చరిత్ర 20,000 ఏళ్లు దాటుతుంది. చెరువును దాని వయసుకు తగ్గ ప్రశ్నే అడగాలి: చుట్టూ తుమ్మలు ఎప్పుడు పెరిగాయి, గడ్డిజాతి రేణువులు ఎప్పుడు ఎక్కువయ్యాయి? తుమ్మ పుప్పొడి సాధారణంగా 16 రేణువుల ముద్దగా ఉంటుంది, దాన్ని ఒక్కటిగానే లెక్కించండి. ఆ ముద్ద బరువుకి గాలిలో దూరం పోదు. అలాంటివి రెండు మూడు దొరికినా తుమ్మచెట్టు దగ్గర్లోనే ఉండి ఉంటుంది.